మీటరుకి ఒక వేలి వాలు

మా ఇంటి పైకప్పు మీద ఒక మరక ఉంది.
తాబేలనుకుంటే తాబేలు,
కొరికి వదిలేసిన రొట్టె అనుకుంటే రొట్టె.
శనివారం శనివారం అది కాస్త ఒళ్లు చేసేది.

పైన వ్లాస్తిమిల్. పదకొండు అక్వేరియంలు.
తొట్టికి నాలుగు బకెట్లు తోడి, నాలుగు పోసి,
ఎనభై ఎనిమిది సార్లు అతని చెప్పులు
నా తల మీద నడిచేవి.
లెక్కపెట్టక చస్తానా.

ఒస్ట్రావా బొగ్గు గనుల్లో ముప్పై ఒక్క ఏళ్లు
పంపుల దగ్గర కాపలా.
భూమి అడుగు నుంచి ఊరంత నీటిని పైకి తోలినవాడు
గప్పీ చేపలకు నీళ్లు మార్చలేక
భుజం పట్టేసి మెట్ల మీద కూలబడ్డాడు,
సగం బకెట్టు ఒళ్లో పెట్టుకుని.
"గనే నయం. అక్కడ నీళ్లు మోసింది గొట్టం, నేను కాదు."
"మరి ఇక్కడ గొట్టానికేం రోగం?" అన్నాను.

నాది కట్టుడు పళ్లు చేసే పని.
వజ్రపు పొడి అద్దిన మొన, చల్లార్చే నీటిచుక్క,
తొందరెరగని మణికట్టు.
గాజూ పన్నులాంటిదే,
నొక్కితే పగులుతుంది, ఓపిక పడితే లొంగుతుంది.
మైనంతో చిన్న గట్టు కట్టి, అందులో నీళ్లు నింపి,
వెనక అద్దం పైఅంచుకి మూడు వేళ్ల కింద
తొట్టికో కన్నం.
తెల్లటి పిండి తేలేది. బిళ్ల ఊడి టక్కున పడేది.
పడ్డ ప్రతిసారీ అతను కళ్లు మూసుకునేవాడు.

పది బాగానే వచ్చాయి.
పదకొండోది టెంపర్డ్ అద్దమని ఎవరు చెప్పారు మాకు?
మొన తాకిందో లేదో
నేలంతా పంచదార.
అందులోని చేపలు అప్పటికే స్నానాల తొట్టిలో ఉన్నాయి,
బతికిపోయాయి.
కొత్త తొట్టి వచ్చేదాకా తొమ్మిది రోజులు అక్కడే.
ఆ తొమ్మిది రోజులూ అతను భుజాన తువ్వాలేసుకుని
కిందికి, మా ఇంటికి, స్నానానికి.
నా సబ్బు బాగుందన్నాడు.
ఇంకేమీ రాయను.

నీరు పల్లమెరుగు అంటారు.
ఎంత పల్లమో వ్లాస్తిమిల్ ఎరుగు:
మీటరుకి ఒక వేలి వాలు.
తొట్ల వెనకాల బూడిదరంగు గొట్టం
ఒంగీ ఒంగనట్టు స్నానాలగది దాకా పాకింది.
చేపపిల్లలు జారిపోకుండా ప్రతి కన్నానికీ ఒక జల్లెడ.
ఇటు కుళాయి, కుళాయికి బొగ్గు వడపోత,
అక్కణ్ణుంచి సేమ్యా పోగుల్లాంటి సన్న గొట్టాలు,
ఒక్కో తొట్టికి చుక్క, చుక్క, చుక్క.
కొత్త నీరు వచ్చినంత మేర
పాత నీరు అంచుదాకా లేచి, తనే దారి చూసుకుని పోతుంది.
బకెట్టు లేదు. చెప్పుల చప్పుడు లేదు.

ఫిబ్రవరి, మొదటి రాత్రి, గొట్టం గురక పెట్టింది.
పైన అతను, కింద నేను, మధ్యలో కాంక్రీటు,
ముగ్గురమూ మేలుకున్నాం.
తెల్లారకుండానే తలుపు తట్టి
"గాలి అడుగుతోంది" అన్నాడు,
ఆసుపత్రిలో మనిషిని వదిలి వచ్చినట్టు.
నిలువుగా ఒక పొట్టి గొట్టం అతికించాడు, నోరు పైకి తెరిచి.
ఊరుకుంది.

ఇప్పుడు శనివారాలు ఏం చేసుకోవాలో అతనికి తెలీదు.
నాలుగు బకెట్లూ తెచ్చి మా గుమ్మంలో పెట్టాడు.
ఒకదాంట్లో బంగాళాదుంపలు పోశాను.
ఒకటి బోర్లించి దాని మీద ఎక్కాడు,
మరకకి సున్నం వేస్తానని.
మంచి చేయి కూడా అందలేదు.
"ముందు ఆరిందో లేదో చూడాలి,
గనిలో ఇలాగే చూసేవాళ్లం" అని
కుర్చీ అడిగి, చెవి మీది పెన్సిలు తీసి
మరక చుట్టూ గీత గీసి
పక్కన తేదీ రాశాడు.

మళ్లీ శనివారం వచ్చాడు. ఆ పై శనివారమూ.

ఇప్పటికి తేదీలు ఏడు.
గీత ఒక్కటే.